బరువు – వరుస – విరామం

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గంలోని విద్యార్థులు కోరినప్పుడు నేను మొదట సంకోచించాను. వ్యాయామోపాధ్యాయుడు కలం పట్టుకొంటే "ఆరోగ్యమే మహాభాగ్యము" అన్న మాటతో ప్రారంభించి, పాలు, గుడ్లు, ప్రాతఃకాల వ్యాయామం మీదుగా ప్రయాణించి, "కావున యువకులారా, మేల్కొనండి" అని ముగిస్తాడని అందరికీ తెలుసు. అటువంటి వ్యాసాలు గతంలో రెండు వ్రాసిన పాపం నాకూ ఉన్నది. ఈ పర్యాయం అంత పెద్ద విషయం జోలికి పోను. చాలా కాలంగా నా మనస్సును వదలని ఒక చిన్న విషయాన్ని మాత్రమే మీ ముందుంచుతాను. బరువులెత్తే మనిషి ఆ పనిని ఏ వరుసలో చేయాలి, నడుమ ఎంతసేపు ఆగాలి అన్నదే ఆ విషయం.

విషయం చిన్నదే. కాని దానికి మా నాయన ఎడమచేతి వ్రేళ్లు మూడు మూల్యంగా చెల్లించాడు.

మాది బనగానపల్లెకు దగ్గరలోని ఒక పల్లె. దేశమంతా మన ఊరిని మామిడిపండు పేరుతో తలచుకొంటుంది. మా ఇంట్లో అన్నం పెట్టింది మాత్రం నాపరాయి. బనగానపల్లె, బేతంచర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాలలో భూమి తన గర్భంలో పలకలు పేర్చి పెట్టుకొన్నట్లుగా ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. మన ఇండ్లలో అడుగున పరచిన బండ అదే, పాత ఇండ్లకు గోడ అదే, కొన్ని ఇండ్లకు కప్పు కూడా అదే. మా నాయన గనిలో పనిచేసేవాడు. గడ్డపారతో పొర లేపటం, సమ్మెటతో కొట్టి పలకలు తీయటం, తీసిన పలకలను లారీకి ఎత్తటం ఆయన నిత్యకృత్యం.

గణితం చదివే విద్యార్థులు ఒక్క నిమిషం నాతో లెక్క వేయండి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం గల పలక సరిగా ఒక ఘనపుటడుగు అవుతుంది. దాని బరువు సుమారు 75 కిలోలు. పది టన్నుల లారీ నిండాలంటే అటువంటి పలకలు 130కి పైగా ఎత్తాలి. ఒక్కొక్క పలకకు ఇద్దరు మనుషులు కావాలి.

మా నాయన జట్టులో నలుగురుండేవారు. ఇద్దరు పది పలకలు ఎత్తేవారు. అంతసేపూ తక్కిన ఇద్దరూ నీడన కూర్చొనేవారు. పది పూర్తికాగానే కూర్చొన్నవారు లేచేవారు, ఎత్తినవారు కూర్చొనేవారు. ఎవరు నేర్పారో తెలియదు గాని ఆ పది అన్న లెక్క తప్పేది కాదు. సెలవు దినాలలో నేను అన్నం మూట తీసుకొని పోయినప్పుడు, చిన్నతనపు తొందరతో, "ఇంకా రెండు ఎత్తెయ్యి నాయనా, తొందరగా ఐపోతాది" అనేవాడిని. ఆయన నవ్వి, "రాయి యాడికీ పోదు లేరా. దమ్ము పోతే మాత్రం తొందరగా రాదు" అనేవాడు.

ఒకనాటి సాయంకాలం రెండు లారీలు ఒకేసారి వచ్చాయి. పని చేయించే పెద్దమనిషి నీడన కూర్చొన్న ఇద్దరిని చూశాడు. "ఇద్దరు మోస్తాంటే ఇద్దరు కూచోనుండేదేంది? కూలి నలుగురికీ ఇస్తాండా గదా!" అని గద్దించి, ఆ ఇద్దరినీ రెండవ లారీకి పంపాడు. ఆయన లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది. నలుగురూ పనిలో ఉంటే పని రెట్టింపు కావలె గదా! మొదటి ముప్పది పలకల వరకు ఆయన లెక్కే నిజమైంది. తరువాత చేతులు వణకటం మొదలైంది. అరవై దాటిన తరువాత ఒక పలక లారీ అంచున జారింది. దానికీ అంచుకూ నడుమ మా నాయన చేయి ఉండిపోయింది.

రాయి అదే బరువు. మనుషులు వారే. మారింది వరుస ఒక్కటే. ఆనాటికి నాకు పదమూడేళ్లు. ఈ మాట ఇంత స్పష్టంగా అప్పుడు తోచలేదు. నడుమ కూర్చొన్న మనిషి సోమరి కాడన్న సంగతి మాత్రం అప్పుడే మనస్సులో నాటుకొన్నది.

గని ముఖం చూడరాదని మా అమ్మ ఒట్టు పెట్టించి నన్ను బనగానపల్లెలో హైస్కూలులో చేర్పించింది. అక్కడ నాకు తాలీంఖానా పరిచయమైంది. ఇక్కడ మన ఉభయ భాషల విద్యార్థులకూ ఒక ముచ్చట చెప్పాలి. ఉర్దూలో ఉస్తాద్ అంటే గురువు. ఆ మాటే తెలుగులోకి వచ్చి వస్తాదు అయింది. వస్తాదు అంటే మనకు కండలు తిరిగిన మల్లుడు. గురువు అన్న మాట భాష మారేసరికి బలశాలి అయి కూర్చొన్నది! నాకు దొరికిన ఉస్తాద్ గారు రెండు భాషలలోనూ ఆ పేరుకు తగినవారు.

ఆ తాలీంలో ఎర్రమట్టి గోదా, రెండు జతల కొయ్యగదలు, ఒక రాతి గుండు తప్ప మరో సామగ్రి లేదు. వచ్చేవారందరూ పగలంతా పని చేసుకొనేవారు. బట్టల దుకాణంలో కొందరు, సైకిలు షాపులో కొందరు, నావంటి బడిపిల్లలు కొందరు. దొరికే సమయమల్లా అసర్ నమాజుకూ మగ్రిబ్ నమాజుకూ నడుమ మిగిలే కాసింత వేళ. అందుకని ఉస్తాద్ గారు మాచేత ఇరవై దండీలు తీయించి, ఊపిరి సర్దుకోగానే ఇరవై బస్కీలు తీయించేవారు. మళ్లీ దండీలు, మళ్లీ బస్కీలు. ఒక్కొక్క దఫాకు ఒక చింతగింజ ప్రక్కన పెట్టేవారు. "వంద దండీలు ఒకేసారి తీసి, తరువాత బస్కీలు తీస్తాను ఉస్తాద్" అని నేనొకసారి ప్రగల్భాలు పలికితే ఆయన, "చేతులు కష్టపడినాయి బేటా, ఇప్పుడు వాటిని ఊరకుండనీ. అంతసేపూ కాళ్లెందుకు ఖాళీగా ఉండాల?" అన్నారు.

రాతి గుండు విషయంలో మాత్రం ఆయన నియమం పూర్తిగా వేరు. ఒక్కసారి ఎత్తినవాడు గోడ ప్రక్కన కూర్చోవాలి. తక్కిన ఆరేడుగురూ తమ వంతు ముగించేదాకా గుండు ముఖం చూడరాదు. దండీలు, బస్కీల దగ్గర అంత తొందర పెట్టే మనిషి గుండు దగ్గరకు వచ్చేసరికి ఇంత తీరికగా ఎందుకు మారిపోతారో నాకు బోధపడేది కాదు. అడిగితే, "అది నీకంటే ముసలిది. దాని ముందర తొందర పనికిరాదు" అని నవ్వేవారు. ఒకే గురువు, ఒకే సాయంకాలం, రెండు నియమాలు! ఆ రెండింటికీ కారణం తెలుసుకొనటానికి నాకు చాలా సంవత్సరాలు పట్టింది.

వ్యాయామవిద్య చదివేటప్పుడు ఆ కారణం పుస్తకాలలో కొంత దొరికింది. ఆగకుండా చేసిన ఎత్తుల సముదాయాన్ని నేడు మన విద్యార్థులందరూ సెట్టు అంటున్నారు. మా ఉస్తాద్ గారి దఫా అదే. ఈ సెట్లను శాస్త్రీయంగా అమర్చినవారిలో థామస్ డీలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు ముఖ్యుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడి కాళ్లు బలహీనమైన సైనికులకు ఆయన బరువులతో చికిత్స చేసి, 1945లో ఆ విధానాన్ని ప్రకటించాడు. మొదట్లో ఆయన పదేసి ఎత్తుల చొప్పున ఏడు నుండి పది సెట్లు చేయించాడు. 1948లో, ఆర్థర్ వాట్కిన్స్ అనే సహచరునితో కలిసి, మూడు సెట్లు చాలునన్నాడు. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు ఎంతో తెలుసుకొని, మొదట అందులో సగం, తరువాత ముప్పాతిక, చివరకు పూర్తి బరువు పదేసిసార్లు ఎత్తించేవారు. 1951లో ఆక్స్‌ఫర్డులో జినోవీఫ్ అనే వైద్యుడు ఈ వరుసను తలక్రిందులు చేశాడు. అలసట పెరుగుతున్నకొద్దీ బరువు తగ్గాలి గాని పెరగటమేమిటని ఆయన వాదన. అదే దశకంలో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గాన్, ఆడమ్సన్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు, విద్యార్థులు ఎక్కువ, స్థలం తక్కువ, సమయం అంతకంటె తక్కువ అన్న పరిస్థితిలో, ఒక్కొక్కరు ఒక్కొక్క వ్యాయామం చేసి ప్రక్కదానికి జరిగే సర్క్యూట్ పద్ధతిని రూపొందించారు.

డీలోర్మ్ గారి పుటలో పది అన్న అంకె వద్ద నేను చాలాసేపు ఆగిపోయాను. మా నాయన చదువుకోలేదు. ఆయన జట్టు పది పలకలకు ఒకసారి కూర్చొనేది.

ఇక కారణం వినండి. కండరం తక్షణం వాడుకొనే శక్తికి ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఆధారం. తీవ్రమైన శ్రమలో అది కొద్ది సెకండ్లలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. ఆగితే మళ్లీ చేరుతుంది. స్థూలంగా చెప్పాలంటే మొదటి అర నిమిషంలో సగం తిరిగి వస్తుంది. పూర్తిగా చేరటానికి మూడు నుండి ఐదు నిమిషాలు పడుతుంది. కాబట్టి పెద్ద బరువు ఎత్తదలచినవాడు అర నిమిషంలో మళ్లీ వంగితే, సగం నిండిన కుండతో దాహం తీర్చుకోబోయినట్లే. గుండు దగ్గర ఉస్తాద్ గారి తీరికకు ఇదే అర్థం.

మరి దండీల దగ్గర తొందర ఎందుకు? అక్కడ తొందరపడింది మనిషే గాని కండరం కాదు. కాళ్లు పనిచేసినంతసేపూ చేతులకు సెలవు. చేతులు పనిచేసినంతసేపూ కాళ్లకు సెలవు. ఇందులోనే మరొక విధం ఒకే అవయవానికి ఎదురెదురుగా ఉన్న కండరాలను వంతులవారీగా పనిచేయించటం. ఒక కండరం ముడుచుకొన్నప్పుడు దాని ఎదుటి కండరాన్ని నాడీమండలం సడలించి ఉంచుతుందని, 1932లో నోబెల్ బహుమతి పొందిన షెరింగ్టన్ మహాశయుడు ఎప్పుడో నిరూపించాడు. నెట్టే కండరాలు ఒక దఫా, లాగే కండరాలు ఒక దఫా. ఇటువంటి జతనే నేడు సూపర్ సెట్ అంటున్నారు.

నేను మన కళాశాలలో చేరిన కొత్తలో వ్యాయామశాలలో రెండు ఇనుప కడ్డీలు, ఒక బల్ల, కొన్ని చక్రాలు ఉండేవి. సాయంకాలం తొంబది నిమిషాలు దానిని తెరచి ఉంచేవాళ్లం. వచ్చే కుర్రవాళ్లు ఇరవైమందికి తక్కువ కాదు. బలవంతుడు ముందుగా కడ్డీ పట్టుకొనేవాడు. తన సెట్లన్నీ ముగిసేవరకు వదిలేవాడు కాదు. అతడు ఆగినంతసేపూ కడ్డీ కూడా నేలమీద పడి విశ్రాంతి తీసుకొనేది. బక్కపలచని పిల్లలు గోడకు ఆనుకొని చూసి చూసి, నాలుగు దినాల తరువాత రావటం మానుకొనేవారు.

అప్పుడు నాకు మా నాయన జట్టు, ఉస్తాద్ గారి చింతగింజలు జ్ఞాపకం వచ్చాయి. కాగితం మీద ఒక లెక్క వేశాను. బల్లమీద పడుకొని బరువును పైకి నెట్టే వ్యాయామం ఒకటి, నడుము వంచి బరువును పొట్టవైపు లాగే వ్యాయామం ఒకటి. ఒక్కొక్కటి మూడు సెట్లు. సెట్టుకు 40 సెకండ్లు. సెట్టుకూ సెట్టుకూ నడుమ రెండు నిమిషాల విరామం. వెనుకటి పద్ధతిలో నెట్టటం ముగియటానికి ఆరు నిమిషాలు, తరువాత రెండు నిమిషాల విరామం, లాగటానికి మరొక ఆరు నిమిషాలు. వెరసి 14 నిమిషాలు. జతకట్టే పద్ధతిలో ఒకసారి నెట్టి, 40 సెకండ్లు ఆగి, ఒకసారి లాగి, మళ్లీ 40 సెకండ్లు ఆగి నెట్టాలి. ఇట్లు మూడు ఆవృత్తులు. వెరసి 7 నిమిషాల 20 సెకండ్లు. ఇందులో చిత్రమేమంటే, నెట్టే కండరానికి రెండు సెట్ల నడుమ దొరికిన విరామం ఎంత? ఆగిన 40, లాగిన 40, మళ్లీ ఆగిన 40. సరిగా రెండు నిమిషాలు! కండరం విరామంలో ఒక్క సెకండు కూడా మనం దొంగిలించలేదు. కాలం మాత్రం సగం మిగిలింది.

ఆపైన విద్యార్థులను ముగ్గురేసి చొప్పున జట్లు చేశాను. ఒకడు ఎత్తుతాడు, ఒకడు కాపు కాస్తాడు, ఒకడు కూర్చొంటాడు. వంతులు తిరుగుతాయి. కడ్డీ ఖాళీగా ఉండదు, మనిషి విరామం లేకుండా ఉండడు. పది దినాలలో గోడకు ఆనుకొన్న పిల్లలు తిరిగి వచ్చారు. తొంబది నిమిషాల పని నలుబదియైదు నిమిషాలలో ముగియసాగింది.

ఈ విషయంలో ఇటీవలి పరిశోధనలు కూడా తోడ్పడుతున్నాయి. 2021లో నార్వే, అమెరికా పరిశోధకులు కొందరు ప్రకటించిన ఒక సమీక్షలో, జత సెట్లు మొదలైన పద్ధతుల వలన వ్యాయామకాలం దాదాపు సగానికి తగ్గుతుందని, చేసిన పని మొత్తం మాత్రం తగ్గనవసరం లేదని తేల్చారు. ఐతే ఏదీ ఉచితంగా రాదు. జత సెట్లలో ఆయాసం ఎక్కువ. మరునాటి నొప్పులు ఎక్కువ. ఒకే కండరానికి వెంటవెంటనే రెండు వ్యాయామాలు ఇస్తే రెండవదానిలో ఎత్తే బరువు, ఎత్తుల సంఖ్య రెండూ పడిపోతాయి. జత అంటే ఏవైనా రెండు కాదు. ఒకటి పనిచేసేటప్పుడు రెండవది నిజంగా విశ్రాంతి పొందాలి.

ఈ చివరి వాక్యాన్ని నేను పుస్తకంలో చదివాను గాని, ఒప్పుకొన్నది ఒక విద్యార్థి వలన. అతడు విశ్వవిద్యాలయ స్థాయి బరువుల పోటీకి సిద్ధమౌతున్నాడు. నా పద్ధతి మీద నాకప్పటికి మోజు ముదిరింది. అతనికీ జత సెట్లే ఇచ్చాను. భుజాల మీద బరువు పెట్టుకొని బస్కీ తీయటం ఒకటి, నేలమీది బరువును నడుము వంచి లేపటం ఒకటి. ఒకటి కాళ్లకు, ఒకటి వీపుకు అని నా సమర్థన. రెండు నెలలు గడిచాయి. అతని బరువు 90 కిలోల దగ్గర ఆగిపోయింది. "సార్, నా వల్ల ఏమన్నా తప్పా?" అని అతడు తలవంచుకొని అడిగేవాడు. ఇంకా పట్టుదల కావాలని నేను ఉపన్యాసం ఇచ్చేవాడిని.

ఒక సాయంకాలం అతడు కూర్చొన్నవాడు లేవలేకపోయాడు. ప్రక్కన కాపు కాస్తున్న ఇద్దరు మిత్రులు కడ్డీని పట్టుకొనకపోతే ఏమి జరిగి ఉండేదో తలచుకోవటానికి ఇప్పటికీ భయం. వణకుతున్న ఆ కుర్రవాని చేతులు చూసినప్పుడు నాకు లారీ అంచు జ్ఞాపకం వచ్చింది. తీరికగా ఆలోచించగా తప్పు తెలిసింది. ఆ రెండు వ్యాయామాలూ పైకి వేరుగా కనిపించినా రెండింటిలోనూ నడుమే బరువు మోస్తున్నది. కాళ్లకు విరామం దొరికిందేమో గాని నడుముకు దొరకలేదు. ఆనాడు గనిలో "ఇద్దరు కూచోనుండేదేంది" అన్న పెద్దమనిషికీ నాకూ తేడా ఏమున్నది? అతడు కూలి మిగుల్చుకోబోయాడు, నేను నిమిషాలు మిగుల్చుకోబోయాను.

ఆ కుర్రవానికి జతలు మాన్పించాను. ఒక వ్యాయామం, తరువాత పూర్తిగా మూడు నిమిషాల విరామం. అది ఉస్తాద్ గారి గుండు నియమం. మొదట్లో "ఊరకే కూర్చొంటే సిగ్గుగా ఉంది సార్" అన్నాడు. రెండు వారాలకు సిగ్గు పోయింది, నెల తిరిగేసరికి బరువు కదిలింది. అమెరికాలో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం 2016లో ప్రకటించిన పరిశోధన ఇదే చెబుతున్నది. అనుభవమున్న 21 మంది యువకులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి సెట్ల నడుమ ఒక నిమిషం, మరొక భాగానికి మూడు నిమిషాలు విరామమిచ్చి 8 వారాలు వ్యాయామం చేయించారు. మూడు నిమిషాలు ఆగినవారికే బలం ఎక్కువ పెరిగింది. ఎత్తులో వేగం తగ్గకుండా ఉండాలనుకొనేవారికి మరొక ఉపాయం కూడా ఉన్నది. ఐదెత్తుల సెట్టును ఒక్క బిగిని చేయక, ఎత్తుకూ ఎత్తుకూ నడుమ కొద్దిగా ఆగటం. దీనిని క్లస్టర్ సెట్ అంటారు. 30 సెకండ్ల చొప్పున అట్లా ఆగితే కడ్డీ వేగం నిలబడుతుందని 2003లో గ్రెగరీ హాఫ్ మొదలైనవారు చూపారు.

మన తెలుగు ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110 కిలోలు, 130 కిలోలు, వెరసి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆనాడు చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు పూనుకొన్నది. అది లేచి ఉంటే స్వర్ణమే. ఆ పోటీ స్వరూపమే గమనించండి. ఒక్కొక్క విధానంలో మూడే ప్రయత్నాలు, ప్రతిదీ ఒకే ఒక్క ఎత్తు. పేరు పిలిచిన తరువాత ఒక నిమిషం గడువు. తన వెనుక తానే మళ్లీ ఎత్తవలసి వస్తే రెండు నిమిషాలు. వెంటనే ఎత్తవలసిన మనిషికి ఎక్కువ వేళ ఇవ్వాలన్న న్యాయం ఆ నిబంధనలలోనే ఉన్నది.

మల్లేశ్వరి ప్రసక్తి ఊరకే తేలేదు. పురుషుల వ్యాయామం నలుబదియైదు నిమిషాలలో ముగుస్తున్న దినాలలో ఒక విద్యార్థిని నా గది ముందు నిలబడి, "మా ఆడపిల్లల వంతు ఎప్పుడు సార్?" అని అడిగింది. అంతవరకు ఆ ప్రశ్న నాకు తట్టకపోవటం నా లోపం. వేళ లేదమ్మా, మీ ఊరి బస్సు వెళ్లిపోతుంది గదా అన్నాను. "ఇంటికాడ రెండు బిందెలు మోస్తే ఎవరూ వద్దనరు సార్. ఈడ ఇనుము ఎత్తుతామంటే వేళ లేదంటారే?" అన్నది. వేళ ఉన్నది. సెట్ల వరుస మార్చి మిగుల్చుకొన్న నలుబదియైదు నిమిషాలు అక్కడే, తాళం వేసిన తలుపు వెనుక, ఖాళీగా ఉన్నాయి. మరుసటి వారం నుండి ఆ తలుపు వారి కోసం తెరిచాము. మొదటి దినం వచ్చినవారు నలుగురు. ఇప్పుడు పదునెనిమిది మంది. పోటీలకు పెద్ద బరువులెత్తే ముగ్గురు నలుగురు మాత్రం ఉదయం వేళ వచ్చి, తమకు కావలసినంత తీరికగా ఎత్తుకొంటున్నారు.

ఇక్కడ పాలకవర్గం పెద్దలకు నా విన్నపం. ఒక పెద్దమనిషి, సదుద్దేశంతోనే, "వ్యాయామం సగం కాలంలోనే ఐపోతున్నది గదా, ఆ మిగిలిన వేళ వేరే తరగతికి ఇవ్వరాదా?" అన్నారు. మరొకరు వ్యాయామశాలకు వచ్చి, "ముగ్గురిలో ఒకడు ఎప్పుడూ కూర్చొనే ఉన్నాడేమిటి?" అన్నారు. వారి మీద నాకు ఆక్షేపణ లేదు. కూర్చొన్నవాడిని చూస్తే ఎవరికైనా అట్లాగే తోస్తుంది. కాని అతడు తన వంతు పనిలో సగం చేస్తున్నాడు, రెండవ సగానికి సిద్ధపడుతున్నాడు. మిగిలిన వేళ కూడా మిగులు కాదు. అది ఆడపిల్లల వేళ. దానిని తీసుకొంటే ముప్పది పలకల వరకు లెక్క బాగానే ఉంటుంది. ఆ తరువాతి సంగతి మా ఇంటికి తెలుసు. కావున ఆ వేళను పట్టికలో స్థిరంగా వ్రాయించాలని, ఇంకొక కడ్డీ, కిటికీలకు తెరలు, ఆ నలుబదియైదు నిమిషాలకు ఒక మహిళా శిక్షకురాలిని సమకూర్చాలని ప్రార్థిస్తున్నాను.

విద్యార్థులారా, మీకు చెప్పదలచింది కొద్దిగానే ఉన్నది. వేళ తక్కువైతే ఎదురెదురు కండరాలను జతకట్టండి. ఎత్తవలసిన బరువు పెద్దదైతే తీరికగా ఆగండి. మీకు అన్నిటికంటె ముఖ్యమైన వ్యాయామాన్ని అలసట రాకముందే, మొదట చేయండి. "నిదానమే ప్రధానము" అన్నవారూ, "ఆలస్యం అమృతం విషం" అన్నవారూ మన పెద్దలే. రెండూ నిజమే. ఎక్కడ ఏది పనికివస్తుందో తెలుసుకొనటమే విద్య. ఇది వ్యాయామశాలకే పరిమితం కాదు. పరీక్షల ముందు రాత్రంతా ఒకే పుస్తకంతో కుస్తీ పట్టే మిత్రులు కూడా కొంచెం ఆలోచించుకోవచ్చు.

మా నాయన పోయి చాలా కాలమైంది. ఒకసారి మాత్రం, కళాశాల వార్షికోత్సవానికి వచ్చి, వ్యాయామశాల గుమ్మంలో నిలబడి పిల్లలను చాలాసేపు చూశాడు. ఒక కుర్రవాడు ఎత్తుతున్నాడు. మరొకడు కాపు కాస్తున్నాడు. మూడవవాడు గోడ ప్రక్కన కూర్చొని తన వంతు కోసం చూస్తున్నాడు. మా నాయన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకొని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పది కాగానే కూర్చొన్నవాడు లేచాడు, ఎత్తినవాడు కూర్చొన్నాడు.

"బాగ చేపిస్తాండావురా" అన్నాడు.